ఇనుముకు ఉదజనిని జతచేసిన రైతుబిడ్డ: జోసెఫ్ చాట్

ఉగాదినాడు వేపపూత పచ్చడి చవిచూచిన పిమ్మట పంచాంగ శ్రవణం చేయడం మన పెద్దలు పెట్టిన ఆచారం. సొంతవూరు విడిచి ఎంత దూరం వచ్చినా తెలుగువాడు ఈ ఆచారాన్ని విడువలేదు. ఈ యేడు వర్షం ఎంత, సస్యం ఎంత అని పంచాంగం చదువుతూ వుంటే, ధర్మపురి ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైతు చెవి ఒగ్గి వింటాడు. ఎందుకంటే అక్కడి మెట్టసేద్యం చాలావరకు వానదేవుని దయమీద ఆధారపడినది. ఎర్రనేలలో రాగి, రాగి సాళ్ల నడుమ అనుములు, చివరి వానలకు ఉలవలు, వీలున్న చోట వేరుశనగ. ఇది తాతతండ్రులనాటి పద్ధతి. పప్పుజాతి పైరు వేసిన చేనిలో మరుసటి పంట బాగా వస్తుందని వారికి అనుభవంవల్ల తెలుసు. ఎందుకు వస్తుందో చెప్పే శాస్త్రం మాత్రం చాలా కాలం తరువాత వచ్చింది.

చేనిలోనుంచి ఒక వేరుశనగ మొక్కను పెరికి వేళ్లు చూడండి. ఆవగింజలంత, జొన్నగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. ఒక బుడిపెను గోటితో చిదిమితే లోపల లేతయెరుపు రంగు వుంటుంది. మన నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టమైన పదార్థమే అక్కడ వున్నది. రెండింటిలోను ఇనుము వున్నది. ఆ బుడిపెలలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి అమోనియాగా మారుస్తాయి. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే అయినా, ఏ మొక్కా దానిని నేరుగా తీసుకోలేదు. అందులోని రెండు పరమాణువులు ఒకదానినొకటి విడదీయరానంత గట్టిగా పట్టుకొని వుంటాయి. ఆ పట్టు విడిపిస్తేనే మాంసకృత్తులు; అవి లేనిదే జీవం లేదు.

ఈ పట్టును మనిషి కూడా విడిపించాడు. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియా చేసి చూపించాడు. 1913లో ఓపావు పట్టణంలో దానికి పెద్ద కర్మాగారం వెలిసింది. అక్కడ ఉత్ప్రేరకంగా పనిచేసినదీ ఇనుమే. కాని అందుకు నాలుగైదు వందల డిగ్రీల వేడిమి కావలె; మామూలు గాలి ఒత్తిడికి సుమారు రెండువందల రెట్లు ఒత్తిడి కావలె. ఈనాడు మన పొలాలకు వచ్చే యూరియా పుట్టుక ఈ విధానంతోనే. అయితే వేరుశనగ వేరులోని బుడిపెకు కొలిమీ లేదు, యంత్రమూ లేదు. నేలలోని చల్లదనంలోనే, తడిలోనే అది ఆ పని చేస్తున్నది. ఎలా చేస్తున్నది?

ఈ ప్రశ్నకు తన జీవితంలోని ఉత్తరభాగాన్ని ధారపోసిన మహనీయుడు జోసెఫ్ చాట్. రసాయనశాస్త్రం చదివినవారిలో ఆయన పేరు తెలియనివారు అరుదు; ఇతరులలో తెలిసినవారు అరుదు. విశేషమేమంటే ఆయన ఈ ప్రశ్నవద్దకు పొలంగట్టు మీదుగా నడిచి రాలేదు. ఇనుము, భాస్వరం, ఉదజని అనే మూడింటిని ఒకచోట కూర్చే, ఎవరికీ ఏ ప్రయోజనమూ కనిపించని ఒక పనిగుండా వచ్చారు. ఆ కథే ఇది.

చాట్ 1914 నవంబరు 6వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగాన డరహాం మండలంలోని హోర్డెన్ అనే గ్రామంలో జన్మించారు. అది బొగ్గుగనుల ప్రాంతం. తరువాత కుటుంబం కంబర్లండుకు తరలివెళ్లి సేద్యం చేపట్టింది. చాట్ పెరిగినది ఆ పొలంలోనే. అందుచేత ఎరువు అంటే ఏమిటో, పంట అంటే ఏమిటో ఆయన పుస్తకాలలో చూచి నేర్చుకోవలసిన అవసరం రాలేదు. విగ్టన్ పట్టణంలోని నెల్సన్ పాఠశాలలో చదువుకొని, అక్కడనుంచి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని ఇమాన్యుయల్ కళాశాలలో చేరారు. 1937లో పట్టభద్రులై, ఎఫ్. జి. మాన్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన సాగించి, 1940లో డాక్టరేటు పొందారు.

మాన్ ఆచార్యుని వద్దనే చాట్‌కు ఫాస్ఫీన్లతో పరిచయమైంది. ఫాస్ఫీన్ అంటే ఏమిటో రెండు మాటలలో చెప్పుకోవాలి. అమోనియాలో ఒక నత్రజనికి మూడు ఉదజనులు కట్టుబడి వున్నట్లే, ఫాస్ఫీన్‌లో ఒక భాస్వరానికి మూడు ఉదజనులు కట్టుబడి వుంటాయి. అది విషవాయువు. ఆ ఉదజనుల స్థానంలో కర్బన సమూహాలను తగిలిస్తే రకరకాల ఫాస్ఫీన్లు తయారవుతాయి. వీటి భాస్వరం మీద ఒక జత ఎలక్ట్రానులు ఎవరికీ చెందకుండా మిగిలి వుంటాయి. ఏదైనా లోహం దగ్గరకు వస్తే ఆ జతను దానికి అందించి, దానిని అంటిపెట్టుకొనడం ఫాస్ఫీన్ల స్వభావం.

ఈ విధంగా ఒక లోహం మధ్య నిలబడగా, చుట్టూ నాలుగు లేక ఆరు అణువులు దానిని పట్టుకొని వుండే పదార్థాలను సంక్లిష్ట సమ్మేళనాలు అంటారు. వీటి నిర్మాణాన్ని 1893లో మొదట సరిగా ఊహించినవాడు స్విట్జర్లండులోని ఆల్‌ఫ్రెడ్ వెర్నర్. అందుకు ఆయనకు 1913లో నోబెల్ బహుమానం లభించింది. చుట్టూ చేరే అణువులను శాస్త్రజ్ఞులు లైగాండులంటారు. ఆ మాటకు కట్టేది అని అర్థం. మన భాషలో బంధువు అన్నమాట కూడా బంధించుట అనే అర్థంనుంచే వచ్చినది కదా! మధ్యనున్న లోహానికి ఇవి బంధువులన్నమాట. బంధువుల స్వభావాన్నిబట్టి యజమాని నడవడి మారినట్లే, చుట్టూ ఏ అణువులున్నవో దానినిబట్టి లోహం గుణం మారిపోతుంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో చాట్ ప్రభుత్వ ప్రయోగశాలలోను, తరువాత విడ్నెస్‌లోని ఒక రసాయన కర్మాగారంలోను పనిచేశారు. యుద్ధం ముగిసిన పిమ్మట, 1947లో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ వారు వెల్విన్‌లో నెలకొల్పిన పరిశోధనాలయంలో నిరింద్రియ రసాయన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ సంవత్సరమే ఆయన వివాహం జరిగింది. అప్పటికి సంక్లిష్ట సమ్మేళనాలను గురించి శ్రద్ధగా పనిచేసేవారు లోకంలో బహు కొద్దిమంది. 1950లో చాట్ వారిలో కొందరిని వెల్విన్‌లో ఒకచోట చేర్చారు. ఆ చిన్న సమావేశమే నాడు నాటిన మొక్క. అదే పెరిగి, దేశదేశాలలో జరిగే అంతర్జాతీయ సంక్లిష్ట రసాయన మహాసభలుగా విస్తరించింది.

1953లో చాట్, డంకన్‌సన్ అనే సహచరునితో కలిసి, ప్లాటినం లోహాన్ని ఎథిలీన్ వాయువు ఎలా అంటిపెట్టుకొంటుందో వివరించారు. ఎథిలీన్ లోహానికి కొన్ని ఎలక్ట్రానులిస్తుంది. లోహం తన దగ్గరివి కొన్నింటిని తిరిగి ఎథిలీన్‌కు ఇస్తుంది. ఇచ్చిపుచ్చుకొనడంవల్ల బంధం బలపడుతుందన్నమాట. రెండేళ్లకు ముందు డ్యూయర్ అనే శాస్త్రజ్ఞుడు చూపిన దారిని వీరు స్థిరపరచినందున, ఈ వివరణ డ్యూయర్, చాట్, డంకన్‌సన్‌ల పేర్లతో నేటికీ కళాశాలలలో పాఠమై వున్నది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇనుమువంటి లోహం పక్కన ఉదజని పరమాణువు నేరుగా అంటుకొని నిలవగలదా? నిలిచిన పదార్థానికి హైడ్రైడ్ అని పేరు. 1931లో జర్మనీలో వాల్టర్ హీబర్ ఇనుముకు నాలుగు కార్బన్ మోనాక్సైడు అణువులు, రెండు ఉదజనులు వున్న ఒక పదార్థాన్ని కనుగొన్నాడు. కాని అది మహా పెళుసు. మంచుగడ్డకంటె చల్లగా వుంచితే తప్ప నిలవక విచ్ఛిన్నమయ్యేది. అందుచేత లోహానికీ ఉదజనికీ పొత్తు కుదరదనీ, కుదిరినా నాలుగు నాళ్ల ముచ్చటేననీ చాలామంది శాస్త్రజ్ఞులు అనుకొంటూ వచ్చారు.

చాట్ ఈ పెళుసుతనం ఉదజని లోపం కాదని చూపించారు. తగిన బంధువులు లేకపోవడమే లోపం. 1957లో డంకన్‌సన్, షా అనే సహచరులతో కలిసి, ప్లాటినం లోహానికి రెండు ఫాస్ఫీన్లను తోడుంచి దానిపై ఉదజనిని నిలబెట్టారు. ఆ పదార్థం గాలిలో వుంచినా చెడలేదు. అది రసాయనజ్ఞులను ఆశ్చర్యపరచింది. అయితే ప్లాటినం ఖరీదైన లోహం, నెమ్మది స్వభావం గలది. ఇనుము అటువంటిది కాదు. తడి తగిలితే తుప్పుపట్టే చంచల స్వభావం దానిది. దానిమీద కూడా ఉదజని నిలుస్తుందా?

నిలుస్తుందని 1961లో చాట్, హేటర్ అనే సహచరుడు కలిసి నిరూపించారు. ఇందుకు వారు రెండు చేతుల ఫాస్ఫీన్లను ఎన్నుకొన్నారు. అంటే ఒకే అణువులో రెండు భాస్వరాలు వుండి, రెండూ ఒకే లోహాన్ని పట్టుకొంటాయి. ఒక చేయి జారినా రెండవ చేయి వదలదు, ఉడుముపట్టు అన్నమాట. ఇటువంటి అణువులు రెండు చేరితే ఇనుము చుట్టూ ఒకే తలంలో నాలుగు భాస్వరాలు, నాలుగు దిక్కులా కాపు కాసినట్లు నిలుస్తాయి. పైన ఒక చోటు, క్రింద ఒక చోటు మిగులుతాయి. ఒకవైపు ఉదజని, దానికి ఎదురువైపు క్లోరిన్ నిలిచిన పదార్థం తయారైంది. రెండు వైపులా ఉదజనులే వున్న పదార్థం కూడా తయారైంది. చంచలమైన ఇనుము మీద చంచలమైన ఉదజని, నలుగురు బంధువుల అండతో స్థిరంగా కూర్చున్నది. అదే సంవత్సరం చాట్ రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికైనారు.

సొంతవూరు విడిచివచ్చి కొత్తచోట కాపురం పెట్టినవారికి ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. కొత్తగా వచ్చినవాడు నిలవలేకపోతే తప్పు వానిదే అనుకోవడం లోకరీతి. నలుగురు చేయిపట్టుకొన్న చోట వాడే నిలబడతాడు.

కాని ఈ ఇనుము, ఉదజని, భాస్వరం కలయికవల్ల లోకానికి ఒరిగేదేమిటి? దానితో రంగు తయారుకాలేదు, మందు తయారుకాలేదు, ఎరువు తయారుకాలేదు. ఈ ప్రశ్న చాట్ జీవితంలో ఉత్త ప్రశ్నగా మిగలలేదు. 1960 తరువాతి తొలి సంవత్సరాలలో కంపెనీ వెల్విన్‌లోని ఆ మౌలిక పరిశోధనను ఎత్తివేసింది. పదిహేనేళ్లపాటు ఒక్కొక్క రాయి పేర్చి కట్టిన ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు యాభైకి దగ్గర పడుతున్నది. ఆ వయస్సులో చాలామంది వున్నదానితో సరిపెట్టుకొంటారు.

సరిగా ఆ సమయంలో బ్రిటిష్ వ్యవసాయ పరిశోధన మండలి నత్రజని స్థిరీకరణను పరిశోధించడానికి ఒక ప్రత్యేక విభాగాన్ని స్థాపించ సంకల్పించింది. గాలిలోని నత్రజని మొక్కకు అందే విధమేమిటో తేల్చడం దాని పని. 1963లో చాట్‌ను దానికి అధిపతిగా నియమించారు. విభాగం మొదట లండనులో ప్రారంభమై, తరువాత సస్సెక్స్ విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడ ఆయన రసాయనశాస్త్ర ఆచార్యులు కూడా అయ్యారు. సూక్ష్మజీవుల శాస్త్రంలో నిపుణుడైన జాన్ పోస్ట్‌గేట్ ఆయనకు తోడు నిలిచాడు. ఒక గోడకు ఇవతల లోహాలతో పనిచేసేవారు, అవతల సూక్ష్మజీవులను పెంచేవారు. రెండు శాస్త్రాలవారు ఒకే కప్పుక్రింద ఒకే ప్రశ్నకు సమాధానం వెతకడం ఆ రోజులలో అరుదైన ఏర్పాటు.

ఈ పనికి చాట్ ఎందుకు తగినవారు? బుడిపెలోని సూక్ష్మజీవికి ఆ శక్తినిచ్చేది నైట్రోజినేజ్ అనే పదార్థం. అందులో ఇనుము, మాలిబ్డినం లోహాలు వున్నాయని తెలుసు. కాబట్టి నత్రజని ముందుగా ఏదో ఒక లోహాన్ని అంటుకోవాలి, తరువాత ఆ లోహం మీదనే దానికి ఉదజనులు ఒక్కొక్కటిగా చేరాలి. లోహం మీద ఉదజనిని నిలబెట్టడంలో చాట్‌ను మించినవారు లేరు. వెల్విన్‌లో ప్రయోజనం లేనిదిగా తోచిన విద్యయే సస్సెక్స్‌లో ఆయనకు పనిముట్టు అయింది.

1965లో కెనడాలోని టొరంటోలో ఆలెన్, సెనాఫ్ అనేవారు రుథేనియం లోహం మీద నత్రజని అణువు నిలిచిన మొదటి పదార్థాన్ని కనుగొన్నారు. దానితో దారి తెరుచుకొన్నది. ఆ దశాబ్దం ముగిసేలోగా, రెండు చేతుల ఫాస్ఫీన్లు పట్టుకొన్న ఇనుము మీద ఒకవైపు ఉదజని, ఎదురువైపు నత్రజని కూర్చున్న పదార్థాలు కూడా బయటపడ్డాయి. 1961 నాటి ఇనుప హైడ్రైడ్‌లో క్లోరిన్ వున్న చోటికే గాలిలోని నత్రజని వచ్చి కూర్చున్నదన్నమాట. చాట్ బృందం మాలిబ్డినం, టంగ్‌స్టన్ లోహాల మీద ఫాస్ఫీన్ల అండతో నత్రజనిని నిలబెట్టి, దానికి ఉదజనులు ఎలా చేరుతాయో మెట్టు తరువాత మెట్టుగా పరిశీలించింది.

1975లో చాట్, పియర్‌మన్, రిచర్డ్స్ అనే ముగ్గురు తమ ఫలితాన్ని ప్రకటించారు. నత్రజని, ఫాస్ఫీన్లు అంటుకొని వున్న టంగ్‌స్టన్ సమ్మేళనంపై గంధకికామ్లం పనిచేసినప్పుడు అమోనియా పుట్టింది. ఒక టంగ్‌స్టన్ పరమాణువుకు దాదాపు రెండు అమోనియా అణువులు వచ్చాయి. కొలిమి లేదు, ఒత్తిడి లేదు. మామూలు గదిలోని వేడిమిలోనే పని జరిగింది. నత్రజని అమోనియాగా మారే ఆ మెట్ల వరుసకు శాస్త్రలోకంలో చాట్ చక్రం అనే పేరు స్థిరపడింది.

ఇక్కడ అతిశయోక్తికి చోటీయకూడదు. ఆ టంగ్‌స్టన్ ఒక్కసారి అమోనియా ఇచ్చి, తన శక్తి వ్యయం చేసుకొని ఊరుకొనేది. బుడిపెలోని పదార్థం అట్లా కాదు. మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది. చక్రం అని పేరైతే వచ్చింది గాని, చాట్ చేతిలో ఆ చక్రం ఒక చుట్టు పూర్తిగా తిరగలేదు. ఎరువుల కర్మాగారాన్ని తొలగించి దాని స్థానంలో నిలబెట్టగల సాధనం ఆయన విభాగంనుంచి రాలేదు. వ్యవసాయ మండలి సొమ్ముతో సాగిన పనికి రైతు చేతికి నేరుగా అందే ఫలం లేకపోవడం చిన్న విషయం కాదు. అయినా అంతకుముందు చీకటిగా వున్న దారిలో మెట్లు ఎన్ని, ఏ మెట్టు తరువాత ఏ మెట్టు అని ఆయన దీపం పట్టి చూపించారు. తరువాతివారు ఆ మెట్ల మీదనే నడిచారు.

ఆయన విభాగంలోనే లీ అనే సహచరుడు 1991లో మళ్లీ ఇనుము వద్దకు వచ్చాడు. ఫాస్ఫీన్లు, ఉదజని, నత్రజని వున్న ఇనుప సమ్మేళనంనుంచి ఉదజనిని తొలగించి, మిగిలినదానిపై ఆమ్లం పనిచేయించగా అమోనియా పుట్టిందని ప్రకటించాడు. 2003లో అమెరికాలో ష్రాక్ బృందం మాలిబ్డినంతో చక్రాన్ని నిజంగా పలుమార్లు తిప్పింది. 2013లో అక్కడనే పీటర్స్ బృందం ఫాస్ఫీన్లు పట్టుకొన్న ఇనుముతోనే ఆ పని చేయించింది. అదీ అతిశీతలంలో, కొద్ది చుట్లు మాత్రమే. కర్మాగారానికి ఇంకా చాలా దూరం వున్నది. దిక్కు మాత్రం చాట్ చూపిన దిక్కే.

బుడిపెలోని రహస్యం కూడా కొంత బయటపడింది. 1992లో నైట్రోజినేజ్ నిర్మాణం వెల్లడయింది. దాని నడిబొడ్డున ఏడు ఇనుప పరమాణువులు, ఒక మాలిబ్డినం పరమాణువు, గంధకం వున్నాయి. తరువాతి పరిశోధనలవల్ల తెలిసినదేమంటే, నత్రజని రావడానికి ముందు ఆ ఇనుము మీద ఉదజనులు హైడ్రైడ్ రూపంలోనే వచ్చి కూర్చుంటాయి. అవి జతగా లేచి వెళ్లిపోతుండగా ఖాళీ అయిన చోట నత్రజని కూర్చుంటుంది. అంటే 1961లో ప్రయోజనమేమిటని అడిగించుకొన్న ఆ ఇనుప ఉదజని బంధం, అనాదిగా ప్రతి పప్పుచేనిలోను పనిచేస్తూనే వున్నదన్నమాట!

ఇందులో తెలుగువారు గుర్తుంచుకోవలసిన ముక్క ఒకటి వున్నది. ఒక నత్రజని అణువును విడదీయడానికి సూక్ష్మజీవి కనీసం పదహారు ఏ.టి.పి. అణువులను ఖర్చుచేస్తుంది. ఆ ఏ.టి.పి. కూడా భాస్వరపు సమ్మేళనమే. 1929లో హార్వర్డులో దానిని ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడా ఆ సంవత్సరమే దానిని కనుగొన్నాడు. సుబ్బారావు, చాట్ వేరువేరు దారులలో నడిచినవారు. వేరుశనగ వేరులోని బుడిపెలో ఇద్దరి విద్యా కలుస్తున్నది.

చాట్ 1980లో పదవీ విరమణ చేశారు. 1979లో రాయల్ సొసైటీ వారి డేవీ పతకం, 1981లో ఉల్ఫ్ బహుమానం ఆయనకు లభించాయి. ఈ రెండవ బహుమానం ప్రత్యేకించి లోహ హైడ్రైడ్లు, నత్రజని సమ్మేళనాలలో ఆయన చేసిన కృషికి ఇచ్చినది. పాత నాణెములు సేకరించడం, తోటపని ఆయనకు ఇష్టమైన వ్యాసంగాలు. 1994 మే 19వ తేదీన, డెబ్బది తొమ్మిదేళ్ల వయస్సులో ఆయన కాలధర్మం చెందారు.

ధర్మపురి నేల ఎరుపు ఇనుమువల్ల వచ్చినది. జిల్లాలోని తీర్థమలై కొండలలో ఇనుపరాయి వున్నది. పప్పుపైరు వేరులోని బుడిపె ఎరుపూ ఇనుముదే. యూరియా కర్మాగారంలోని ఉత్ప్రేరకమూ ఇనుమే. ఈ మూడింటినీ కలిపే సూత్రాన్ని వెతికినవాడు ఒక రైతు ఇంట పెరిగి, కంపెనీ కాదన్న విద్యను విడువక, దానిని మళ్లీ రైతు ప్రశ్నవద్దకే తీసుకొనివచ్చాడు. ఈ ఉగాదికి పంచాంగంలో సస్యఫలం విన్న తరువాత, వీలైనవారు చేనికి వెళ్లినప్పుడు పిల్లలచేత ఒక మొక్కను పెరికించి ఆ బుడిపెను చిదిమి చూపించండి. ఆ ఎరుపు ఎక్కడిదని పిల్లలు అడిగితే చెప్పడానికి ఈ కథ వున్నది. మిగిలిన కథ వారిలో ఎవరైనా పూర్తిచేయవచ్చు.